గాండ్రిస్తే ఒక గీత

బొజ్జన్న నోరు మూసుకుని ఉండగా ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. కోయిలకుంట్ల రోడ్డు మీద అతనికి టీ హోటలుంది. అక్కడ గ్లాసు కంటే ముందు బొజ్జన్న మాట వస్తుంది. టీ అయిపోయాక కూడా మాట మిగిలే ఉంటుంది. పేరుకు తగ్గ పొట్ట, పొట్టకు తగ్గ గొంతు. అంతటి మనిషి పీర్ల చావిడి ముందర రెండు వెదురు బొంగులు ఊతగా పట్టుకుని, ఒంటినిండా పసుపు రంగు పూయించుకుని, పెదవులు బిగబట్టి నిలబడ్డాడంటే దానికో కారణముంది.

అతని చేలో మూడు బోర్లు వేస్తే మూడింట్లోనూ దుమ్మే లేచింది. నాలుగోదానికి బోరుబండి వచ్చి నిలబడినప్పుడు అతను పీరుసామికి మొక్కుకున్నాడు. నీళ్లు పడితే మూడేళ్లు పులివేషం కడతాను, అదీ వీరభద్రన్న చేత్తో గీసిన పులే అని. నీళ్లు పడ్డాయి. ఇక తప్పించుకునే దారి లేదు. ఆ ఊళ్లో పులివేషానికో కట్టుబాటుంది. ఒంటి మీద మొదటి నల్లగీత పడినప్పటి నుంచి పీరు ముందర సాగిలపడేదాకా పులి నోట మనిషి మాట రాకూడదు. వస్తే మొక్కు చెల్లదు. బొజ్జన్న దగ్గర ఇన్ని ఉండగా పీరుసామి సరిగ్గా అతను ఇవ్వలేనిదే అడిగాడని ఊరంతా నవ్వుకుంది.

పులిని గీసే వీరభద్ర మాత్రం ఆ మౌనానికి లోలోపల సంతోషించాడు. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు కోయిలకుంట్ల నుంచి ఆళ్లగడ్డ దాకా ఏ అంగడి బోర్డు చూసినా ఆ అక్షరాలు ఆయనవే. ఫ్లెక్సీలు వచ్చి ఆ అక్షరాలను మింగేశాక ఆయన కుంచెకు మిగిలింది ఏడాదికోసారి వచ్చే ఈ పులి ఒక్కటే. షుగరు జబ్బు ఒంట్లో చేరి ఇరవై ఏళ్లు కావస్తోంది. అది మొదట పాదాల్లో తిమ్మిరిగా కూర్చుంది, తర్వాత కుడికంట్లో పొగలా కమ్మింది. ఇన్సులిన్ సూది, జొన్నరొట్టె, నిద్ర, అన్నీ భార్య శివలీల వేళ తప్పకుండా నడిపిస్తుంది. కుడికన్ను సంగతి ఊరందరికీ తెలుసు. ఎడమకన్ను సంగతి తెలిసింది ఆయనకూ, కర్నూలు ఆసుపత్రిలో కంటి డాక్టరమ్మకూ మాత్రమే.

నెల కిందట ఆమె లైటు వేసి చూసి, లోపల సన్న నరాలు చిట్లి రక్తం చిందిందని చెప్పింది. ఆపరేషన్ చేసి తీసేయాలనీ, ఎంత తొందరగా వస్తే అంత మంచిదనీ అంది. "చూపు తిరిగొస్తాదా తల్లీ?" అని ఆయన అడిగితే ఆమె అబద్ధం చెప్పలేదు. "మాట ఇవ్వలేను. ఉన్నది నిలబెట్టడానికి చూస్తాం" అంది. అంత మాటలో వీరభద్ర చెవిన పడింది 'ఉన్నది' ఒక్కటే. కత్తి పెడితే ఉన్నది కూడా పోతే? మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడ్డ శివలీల దగ్గరికొచ్చి, "పండగైనాక రమ్మనింది" అని చెప్పేశాడు. ఇంకొక్క పులి గీసుకుంటే చాలు, ఆ తర్వాత ఏమైనా కానీ అనుకున్నాడు.

పీర్ల పండుగ ఏడో రోజున మొదటి పులి, పదో రోజున రెండోది. ఆరుద్ర కార్తె వచ్చినా చినుకు జాడ లేదు, చావిడి ముందర నేల పెనంలా కాలుతోంది. వీరభద్ర ఎక్కువసేపు నిలబడలేడు కాబట్టి స్టూలు మీద కూర్చున్నాడు. తుమ్మబంక నీళ్లలో కలిపిన మసిరంగు గిన్నె తొడ పక్కన పెట్టుకున్నాడు. ఎడమచేయి బొజ్జన్న వీపు మీద ఆనించి, కుడిచేత్తో గీత లాగాడు. గీత బాగానే సాగింది. చెయ్యి ఇంకా ఆయన మాట వింటోంది.

విననిదల్లా కన్నే. ఎడమకంట్లో ఎప్పుడూ నల్లపోగులు ఆడుతుంటాయి. కన్ను తిప్పితే తిరుగుతాయి, ఆపితే మెల్లగా కిందికి జారుతాయి. పచ్చటి వీపు ఎదురుగా వచ్చేసరికి ఆ పోగులన్నీ దాని మీద వాలి అచ్చం పులిచారల్లా పరుచుకున్నాయి. ఎడమ భుజం కింద తాను గీసేశానని వీరభద్ర గట్టిగా నమ్మి, కుడిపక్కకు జరిగాడు. బొజ్జన్న "ఊఁ... ఊఁ..." అని మూలుగుతూ ఎడమ భుజం వెనక్కి తోశాడు.

"కితకితలైతే ఓర్చుకోప్పా. అంత బొజ్జ మోసేటోనివి, ఈ కుంచె మోయలేవా?" అని వీరభద్ర అతని జబ్బ మీద ఒకటి చరిచాడు. బొజ్జన్న గుడ్లు ఉరిమాడు. ఆ ఉరమడం కూడా ఆయనకు కనపడలేదు.

తప్పెట్లు మోగాయి. ఎదురుగా వస్తుంటే పులి ఏనుగంత దర్జాగా ఉంది. మలుపు తిరిగి వీపు చూపించేసరికి వీధి వీధంతా గొల్లుమంది. కుడిపక్క పులి, ఎడమపక్క పసుపు పూసిన గోడ. "పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు ఉండాదే!" అని ఒకరంటే, "ఆ వాతలన్నా సగమే పెట్టించుకున్యాడు పాపం" అని ఇంకొకరు. రోజూ ఊరందరినీ ఆటపట్టించే బొజ్జన్నను ఆ పూట ఊరంతా కలిసి ఆటపట్టించింది. తిరిగి ఒక్క మాట అనడానికి వీల్లేదు. అతని మొహం పసుపు రంగులోంచి కూడా ఎర్రబడింది.

పీరు ముందర సాగిలపడి లేచాడో లేదో చెరువు కట్ట తెగినట్టు మాటలు దూకాయి. "ఏమన్నా, ఊరంతా గీసినోనివి నా ఈపు కాడికొచ్చేసరికి రంగు కరువాయనా? ఎడం పక్క గీత పడలేదని నేను ఊఁ ఊఁ అని మొత్తుకుంటాంటే కితకితలంటావా!"

"నీ ఈపు నీకెట్ల కనపడిందప్పా?" అన్నాడు వీరభద్ర.

"కనపడేదేంది? గీత పడితే సల్లగా తగులుతాది. ఆ పక్క తగల్లేదు. నా తోలు నాకు తెలీదా?"

"చెమటకు కారిపోయింటాది" అనేశాడు వీరభద్ర. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఆయనకు తెలియక కాదు.

పండుగ పనులన్నీ నెత్తిన వేసుకుని తిరిగే హనుమేష్ మధ్యలోకొచ్చాడు. సెల్‌ఫోన్ల అంగడి నడిపే కుర్రవాడు, మంచివాడే. "పోనీలే మామా. పదో దినానికి నేను కర్నూలు నుంచి స్ప్రే తెప్పిస్తా. అట్టముక్కలో చారలు కోసి అమ్ముతాండారు. ఒంటికి ఆనించి కొడితే టీ తాగేంతలో పులి అయిపోతాది. నీకూ శ్రమ తప్పుతాది."

"నా మొక్కు చేత్తో గీసిన పులికప్పా" అన్నాడు బొజ్జన్న.

"సగం పులికైతే మొక్కలేదు కదా మామా?" అని హనుమేష్ అడిగాడు. హనుమేష్ గొంతులో ఎగతాళి లేదు, జాలి ఉంది. వీరభద్రకు అదే ఎక్కువగా గుచ్చుకుంది.

ఆ సాయంత్రం శివలీల సూది వేసి, సంగటి ముద్ద పెట్టి, ఎదురుగా కూర్చుంది. కళ్లున్న మనిషి అంత వీపు వదిలేయడని ఆమెకు వీధిలోనే తోచింది. పైకి మాత్రం మామూలుగా, "ఆ గోడ మీద బల్లి చూడయ్యా, ఎంత ఉండాదో" అంది.

వీరభద్ర అటు తిరిగాడు. తెల్లగోడ మీద నల్లగా ఒకటి కదిలింది. "అబ్బ, శానా పెద్దదే. పైకి పాకుతాంది చూడు."

శివలీల గోడ వంక మరోసారి చూసింది. "గోడ మీద ఏమీ లేదయ్యా" అంది.

ఆయన చేతిలోని ముద్ద కంచంలో వదిలేశాడు. తర్వాత డాక్టరమ్మ మాట, తన అబద్ధం, నల్లపోగులు, అన్నీ బయటపెట్టాడు. వింటున్నంతసేపూ శివలీల కళ్లు తుడుచుకుంటూనే ఉంది. తుడుచుకోవడం అయ్యాక కోపం వచ్చింది. "ఇరవై ఏండ్లు సూదులేసిన చేయి ఇది. దీనికే అబద్దం చెప్తావా? పులి కోసం కండ్లు పోగొట్టుకుంటావా?"

"బోర్డులు పోయినాయి. ఆపరేషన్ బల్ల ఎక్కి ఉన్న రవ్వంత చూపు కూడా పోతే పులి కూడా పోతాదిమే. పులి కూడా పోయినాక నేనెవర్ని? సూది వేయించుకుని మంచం మీద కూచునేటోన్నా?" అన్నాడు వీరభద్ర. ఇన్నాళ్లూ ఆయన కడుపులో ఉన్న భయం అదే. చెప్పాక కూడా అది తగ్గలేదు.

"నీ కండ్లు, నీ ఇష్టం" అని శివలీల గిన్నెలు తీసుకుని లేచిపోయింది. ఆ తర్వాత మళ్లీ మాట్లాడితే ఒట్టు. వేళకు సూది పడుతోంది, వేళకు కంచం వస్తోంది, మాట మాత్రం రావడం లేదు. మౌనం మొక్కుకున్నది బొజ్జన్నయితే పాటిస్తున్నది శివలీల.

మాటల్లేని ఆ ఇంట్లో వీరభద్రకు బొజ్జన్న మాటే తిరిగి తిరిగి చెవుల్లో మోగింది. నా తోలు నాకు తెలీదా అన్నాడు. నిజమే కదా. బతుకంతా గోడల మీదా, రేకుల మీదా గీశాడు. ఈడ రంగు పడలేదు, ఈడ వంకర పోయిందని ఏ గోడా చెప్పలేదు. బొజ్జన్న వీపు చెప్పగలదు. గీత చల్లదనం ఎక్కడ ఆగిపోయిందో దానికి ఆయన కంటే బాగా తెలుసు. అయితే ఆ వీపుకున్న నోటికి మొక్కు అడ్డం. ఏదో తోచి, పొద్దున్నే చేతికర్ర తీసుకుని పీర్ల చావిడికి నడిచాడు.

పీర్లను చూసుకునే ముజావరు దస్తగిరి సాబు ఊదు పళ్లెం తుడుస్తున్నాడు. వీరభద్ర అరుగు మీద కూర్చుని అడిగాడు: "సాబూ, పులి మాట్లాడకూడదు, సరే. గాండ్రించొచ్చా?"

దస్తగిరి సాబు గడ్డం గోక్కున్నాడు. ఇలాంటి సందేహం ఆయన తాత కాలంలో కూడా ఎవరికీ వచ్చి ఉండదు. "పులి మాట్లాడితే తప్పు. గాండ్రించకపోతే ఇంకా పెద్ద తప్పు. గాండ్రించంది పులెట్లయితాదప్పా?" అని తీర్పు చెప్పాడు. ఎందుకడిగావని అంటే వీరభద్ర నవ్వి చేతికర్ర అందుకున్నాడు.

పదో రోజు చావిడి ముందర జనం ముందే చేరారు. సగం మంది పీర్లను చూడటానికి, సగం మంది బొజ్జన్న వీపు చూడటానికి. బొజ్జన్న పసుపు రంగుతో బొంగులు పట్టుకుని నిలబడ్డాడు. హనుమేష్ స్ప్రే డబ్బా ఆడిస్తూ, చారలు కోసిన అట్టముక్క చంకలో పెట్టుకుని వచ్చాడు. "ఏం మామా, మొదలుపెట్టేదా?" అని మర్యాదగానే అడిగాడు.

వీరభద్ర స్టూలు మీద నుంచి లేచాడు. ఎంతమంది ఉన్నారో ఆయనకు కనపడలేదు, ఊపిరి చప్పుడును బట్టి శానామందే అనుకున్నాడు. "ఏడో దినం చెమటకు కారిపోలేదప్పా" అన్నాడు అందరికీ వినపడేలా. "నాకు కనపడలేదు. కుడికన్ను ముందే పోయింది, ఎడంకంట్లో రక్తం చిందింది. నల్లపోగులు ఆడతాంటే గీతలే అనుకుంటి. బొజ్జన్నను నగుబాటు చేసింది నేను, నన్ను క్షమించల్ల."

ఎవరూ నవ్వలేదు. హనుమేష్ డబ్బా ఆడించడం ఆపేశాడు.

"బొజ్జన్నా, ఇట్ల ఇను" అని వీరభద్ర అతని భుజం పట్టుకున్నాడు. "గీత పడని చోటుంటే గాండ్రించు. నీ ఈపు మీద నా చెయ్యి ఆ చోటుకు దూరముంటే గట్టిగా, దగ్గరికొస్తే మెల్లగా. గీత సరిగ్గా పడితే ఆపేయి. గాండ్రిస్తే మొక్కుకు దోషం లేదని సాబు చెప్పినాడు." అరుగు మీద నుంచి దస్తగిరి సాబు, "లేదు లేదు, గాండ్రించమను!" అన్నాడు.

మొదటి గీత పడింది. అప్పటికే నోరు కట్టేసినట్టున్న బొజ్జన్నకు అంత సందు దొరికితే ఊరుకుంటాడా? అతను పెట్టిన మొదటి గాండ్రింపుకు చావిడి పక్క కట్టేసిన మేకలు గుంజలు లాక్కుని పరుగెత్తాయి. ముందు వరసలోని పిల్లలు వెనక వరసలోకి పోయారు.

"కొంచెం తగ్గించప్పా, నాకు చెవులన్నా మిగలనీ" అన్నాడు వీరభద్ర. జనం నవ్వారు. ఆయన కళ్లు మూసేసుకున్నాడు. మూసుకుంటే నల్లపోగుల బెడద లేదు. ఎడమ అరచేతిని వీపు మీద ఆనించి గాండ్రింపు వెంబడి కుంచె నడిపాడు. భుజం వైపు పోతే గొంతు తగ్గింది, వెన్నుపూస దాటితే పెరిగింది. తగ్గిన చోట గీత లాగితే బొజ్జన్న గమ్మునయ్యాడు. ఒక గీత, పక్కనే రెండు వేళ్ల సందు, ఇంకో గీత. బొజ్జన్న వీపు మొదటిసారి తన వెంట ఉన్నట్టు ఆయనకు అనిపించింది.

సాయం చేద్దామని జనం ఎగబడ్డారు. "ఎడమకు మామా, ఎడమకు!" "కాదు కాదు, కిందికి!" ఒకరి ఎడమ ఇంకొకరి కుడి. కుంచె గాలిలో ఆగిపోయింది. "అందరూ నోర్మూసుకోండి! పులి ఒక్కటే మాట్లాడాల!" అని వీరభద్ర అరిచాడు. బోర్డులు రాసే రోజుల్లో నిచ్చెన కదిపినవాళ్ల మీద అరిచిన అరుపు అది. హనుమేష్ అట్టముక్క కింద పడేసి, తానే చేతులు చాచి జనాన్ని వెనక్కి తోశాడు.

వీపు పూర్తయి నడుము దగ్గరికి వచ్చారు. బొజ్జన్న ఉన్నట్టుండి ఘోరంగా గాండ్రించాడు. వీరభద్ర అక్కడొక గీత లాగాడు. గాండ్రింపు ఆగలేదు. పక్కన ఇంకొకటి లాగాడు. బొజ్జన్న బొంగులు వదలకుండా ఎగిరెగిరి గంతులేశాడు. ఇంకా యాడ తప్పాయరా దేవుడా అని మూడోది కూడా లాగాడు వీరభద్ర.

"గీత కాదయ్యా, చీమ!" అని ఆడవాళ్ల గుంపులోంచి ఒక గొంతు వచ్చింది. "నడుము మీద గండుచీమ కరుస్తాంది, దాన్ని తీయండప్పా ముందు!"

అది శివలీల గొంతు. ఏడో రోజు సాయంత్రం తర్వాత ఆమె మాట వినడం అదే మొదలు. చీమను హనుమేష్ తీసిపారేశాడు. జనం పడీ పడీ నవ్వుతుంటే వీరభద్ర కూడా నవ్వాడు. నవ్వుతుంటే మూసిన కళ్లలోంచి నీళ్లు కారాయి. ఆమె వచ్చిందన్న సంతోషమే అది, ఇంకేమీ కాదు.

చివరికి పొట్ట మిగిలింది. పొట్ట మీద పులి మొహం వేయాలి. వీరభద్ర బొడ్డు వెతికి పట్టుకుని దాన్ని ముక్కు చేశాడు. అక్కడి నుంచి అటు జానెడు, ఇటు జానెడు వేళ్లతో కొలిచి కళ్లు పెట్టాడు, కింద కోరలు దించాడు. బొజ్జన్న మెడ వంచి తలకిందులుగా ఆ మొహాన్ని చూసుకున్నాడు. నోరు తెరవబోయి, మొక్కు గుర్తొచ్చి, ముక్కుతో గట్టిగా గాలి వదిలాడు. ఇంకెక్కడా గాండ్రించలేదు. వీరభద్ర కుంచె గిన్నెలో పెట్టాడు.

తప్పెట్లు ఎత్తుకున్నాయి. పులి కదిలింది. తిమ్మిరెక్కిన కాళ్లతో వీరభద్ర వెంట పోలేకపోయాడు, స్టూలు మీదే కూర్చుని చెవులు రిక్కించాడు. మలుపు దగ్గర తప్పెట ఒక్క క్షణం తగ్గింది. పులి వీపు తిప్పే చోటు అది. నవ్వు వస్తుందేమోనని ఆయన ఇంకా ముందుకు వంగాడు. ఈలలు వచ్చాయి. ఆ ఈలల మీద తప్పెట రెట్టింపు జోరుతో లేచింది. హనుమేష్ వెనక్కి పరుగెత్తుకొచ్చి రొప్పుతూ, "మామా, నడుము మీద ఆ చీమ గీతలు మూడూ శానా బాగుండాయంటాండారు, పోయినేటి పులికి ఎందుకు పెట్టలేదని అడుగుతాండారు" అని చెప్పి మళ్లీ పరుగెత్తాడు.

శివలీల వచ్చి పక్కన కూర్చుంది. కొంగుముడిలోంచి రొట్టెముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. సూది వేసి చాలాసేపైంది, తినకపోతే కళ్లు తిరుగుతాయి. ఆయన నమిలి మింగేదాకా చూస్తూ కూర్చుంది.

"పొద్దున కర్నూలు బస్సుకు పోదామే" అన్నాడు వీరభద్ర. "ఆసుపత్రికి."

శివలీల ఆయన మొహంలోకి చూసింది. ఆయన పోవాలని మూడు రోజులు మాట మానేసిన మనిషికి, తీరా ఆయన పోతానన్నాక భయం వచ్చింది. "ఆపరేషన్ చేసినాక కూడా చూపు రాకపోతే? ఉన్నది కూడా పోతే?" అని మెల్లగా అడిగింది.

"పోతే పోనీ. ఇంకా రెండేండ్ల మొక్కు ఉండాది బొజ్జన్నకు. వాడు అరుస్తాడు, నేను గీస్తా" అన్నాడు.

శివలీల ఆయన మసిచేయి తీసుకుని కొంగుతో తుడిచింది. తుడిచినా ఆ నలుపు పూర్తిగా పోలేదు. మొదటి బస్సు ఎన్ని గంటలకో కనుక్కోవడానికి లేచి రోడ్డు వైపు నడిచింది.